విరిగిన బోల్టు

పడవ వెనుకభాగమున తగిలించుకొను చిన్న యంత్రమును ఔట్‌బోర్డు మోటారందురు. నార్వే దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్రూడ్ 1909వ సంవత్సరమున మిల్వాకీ నగరమున దీనిని అమ్మకమునకు తెచ్చి ప్రసిద్ధి కెక్కించెను. అట్టి పాత మోటారొకటి మా గర్వము నణచిన వృత్తాంతము నిచట వ్రాయుచున్నాము.

మా విద్యార్థి యొకని తాత కాకినాడ తీరమున చిరకాలము చేపలవేట సాగించిన వృద్ధుడు. ఆయన మోటారు పదునైదేండ్లుగా పాకలో మూలబడి యుండెను. "ఒక్కసారి దాని చప్పుడు వినాలని తాతకు ఆశండీ, మేష్టారూ" అని బాలుడు చెప్పగా, ఉపాధ్యాయ శిక్షణ కాలమున లోహపు పని కొంత నేర్చినవారము గనుక మేము వెంటనే పూనుకొంటిమి.

సిలిండరు మూతను పట్టియుంచు బోల్టులారును ఉక్కువి. అవి దిగిన దిమ్మ అల్యూమినియముది. ఉప్పునీరు తగిలినచో ఈ రెండు లోహములును కలసి విద్యుద్ఘటమువలె పనిచేయును. అల్యూమినియము క్షయించి తెల్లని పొడి యగును. ఆ పొడి తాను పుట్టిన లోహముకంటె నెక్కువ చోటాక్రమించుటచే బోల్టు బిగిసిపోవును. ఇది మేము తరగతిలో పలుమారు బోధించినదే. అయినను, "రాత్రంతా నూనె పోసి ఉంచమన్నాడండీ తాత" అని బాలుడు వారించుచుండగనే, పానాకు ఇనుప గొట్టము తొడిగి బలముకొలది త్రిప్పితిమి. బోల్టు తల మా చేతికి వచ్చెను. మొండెము దిమ్మలోనే నిలిచెను.

వృద్ధుడు మమ్ము నిందింపలేదు. "విరిగింది ఒకటే గదా బాబూ, ఇంకా అయిదున్నాయి" అని మాత్రమనెను.

ఆపై ఆయన చెప్పినట్లే నడచితిమి. రెండు రాత్రులు పలుచని నూనె పోసి, బోల్టు తలలపై సుత్తితో మెల్లగా తట్టితిమి. పెట్రోలు తొట్టిని దూరముగా నుంచి, నూనె తుడిచి, దిమ్మను చిన్నమంటతో వేడిచేసితిమి. అల్యూమినియము ఉక్కుకంటె రమారమి రెట్టింపు వ్యాకోచించును గనుక రంధ్రము వదులగును. మొదట కొంచెము బిగించు వైపునకు, పిమ్మట వదలించు వైపునకు, మరల వెనుకకు త్రిప్పగా అయిదును చెక్కుచెదరక వచ్చినవి.

విరిగినదానికి రెండు శనివారములు పట్టెను. దాని ముఖమును ఆకురాయితో చదునుచేసి, సరిగా నడుమ గుర్తుపొడిచి, సన్నని బరమాతో మొదలిడి క్రమముగా లావుదానితో తొలిచితిమి. రంధ్రపు మరలు చెడినందున క్రొత్త మరలు కోసి, ఉక్కుతీగ చుట్టను అందు బిగించితిమి. క్రొత్త బోల్టులను పాతవాని లావు, పొడవు, మరల లెక్క సరిచూచి తెచ్చి, మరలకు కందెన పూసి, నడిమివానితో మొదలిడి ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిమి.

ప్రొపెల్లరు సీల మెత్తనిదిగా నుండుట చూచి, గట్టి ఉక్కుసీల వేయుదుమంటిమి. వృద్ధుడు నవ్వి, "రాయి తగిలితే అది విరగాలి బాబూ. అది విరక్కపోతే లోపలి పళ్లచక్రాలు విరుగుతాయి" అనెను.

నీటి తొట్టిలో నిలిపి త్రాడు లాగగా, ఏడవమారు మోటారు పలికెను. వృద్ధుడు కన్నులు మూసికొని చాలసేపు వినెను.

ప్రియ విద్యార్థులారా! సోమవారమున తరగతి యెదుట ఆ బాలుని మాట పెడచెవిని బెట్టినందుకు క్షమాపణ కోరితిమి. విరిగిన బోల్టు తల నేటికిని మా బల్లపై నున్నది. మీలో మాట వినని వానిపై మాకు కోపము వచ్చినప్పుడెల్ల దానివంక చూచి, మరియొక రాత్రి ఓపిక పట్టుదుము.