అద్దానికి రంగు అంటకుండా...

మైపాడులో ఒడ్డును తాకే బంగాళాఖాతమే విశాఖదీ, కాకినాడదీ. 1942 ఏప్రిల్ 6న ఆ రెండు ఊళ్ల మీద జపాన్ బాంబులు పడ్డాయి. వేసినవి రియుజో నౌక మీంచి లేచిన నకజిమా బి5ఎన్ విమానాలు. ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు కాబట్టి వీపు మీద పొడవాటి అద్దాల కప్పు, దాని నిండా గళ్లు. ప్లాస్టిక్ ముక్కలతో ఆ విమానం బొమ్మ కట్టేవాళ్లకు అసలు పరీక్ష ఆ గళ్ల దగ్గరే. రెక్క మీద రంగు చెడితే గీకి మళ్లీ కొట్టుకోవచ్చు. అద్దం చెడితే?

చట్రానికి రంగు పడాలి, అద్దానికి పడకూడదు. అందుకే ఒక్కో గడికీ మాస్కింగ్ టేపు అంటించి, అంచుల్ని పంటిపుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో చట్రం వెంట కోస్తారు. బ్లేడు మొద్దుబారిందా, అద్దం మీద గీతే! ముందు కొట్టాల్సింది విమానం లోపలి రంగు. అద్దంలోంచి చూస్తే చట్రం వెనక కనిపించేది అదే మరి. బయటి రంగు దాని మీద. దట్టంగా కొడితే టేపు కిందికి పాకుతుంది. పల్చగా, ఆరనిస్తూ, మూడు నాలుగుసార్లు కొట్టాలి.

మైపాడులాంటి చోట ఇంకో చిక్కుంది... తేమ. కంప్రెసర్ నొక్కిన గాలిలోని తేమ గొట్టంలో నీరై, రంగుతోపాటు చుక్కలా వచ్చి పడుతుంది. నీటిని పట్టే ఫిల్టరు లేకుండా సముద్రం పక్కన ఎయిర్‌బ్రష్ పట్టడం దండగే.

కప్పు అతికించడానికి సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ఇంట్లో ఉండే ఫెవికాల్ చాలు, ఆరితే కనపడదు. ఇక టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. ఒక్కో గడీ తెరుచుకుంటుంటే లోపల కూర్చున్న ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కనిపిస్తారు.