‘ఆటో’లో పెట్టి పడుకున్నా

కళ్యాణదుర్గం దగ్గర మా చేలో బోరు మోటరుకి ఆటో స్టార్టర్ ఉంది. ‘ఆటో’లో పెడితే కరెంటు రాగానే మోటరు తనంతట తనే ఆన్ అయిపోతుంది. మొన్న ఎండాకాలం సెలవుల్లో స్విచ్చి నేనే అట్లా పెట్టి ఇంటికొచ్చి పడుకున్నా. రాత్రి బోరులో నీళ్లు కిందికి పోయినాయి. మోటరు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోయింది.

నాయన తిట్టలేదు. “దాన్ని అనేదేముందిరా, నువ్వు పెట్టినట్టే తిరిగింది” అన్నాడంతే. తిట్టింటే బాగుండేది.

ఈ సెమిస్టర్‌లో లినక్స్ కెర్నల్ కంపైల్ చేసినప్పుడు ఆ మాట గుర్తు రాలేదు, రావాల్సింది. కాన్ఫిగరేషన్‌లో ‘డీఫాల్ట్ గవర్నర్’ అని ఒక ప్రశ్న ఉంటుంది. ప్రాసెసర్ వేగాన్ని ఏ పద్ధతిలో నడపాలి అని. పెర్ఫార్మెన్స్ ఎప్పుడూ పై వేగమే అడుగుతుంది, పవర్‌సేవ్ కింది వేగం. 2004 నాటి ఆన్‌డిమాండ్ కొద్దిసేపటికొకసారి పని ఎంతుందో చూసి మారుస్తుంది. 2016లో 4.7 వెర్షన్‌తో వచ్చిన షెడ్‌యుటిల్ షెడ్యూలర్ దగ్గరున్న లెక్కనే నేరుగా తీసుకుంటుంది.

నేను పెర్ఫార్మెన్స్ టిక్ పెట్టేసి, రూమ్‌లో ముగ్గురి పాత లాప్‌టాప్‌లకీ అదే కెర్నల్ ఎక్కించా. హాస్టల్లో ఛార్జర్ ఎప్పుడూ గోడకే కాబట్టి తేడా తెలియలేదు. ఒకడు ఊరికి పోతూ బస్సులో రికార్డు టైప్ చేస్తుంటే సగంలోనే బ్యాటరీ అయిపోయింది. “నీ కెర్నల్ ఎక్కినకాడి నుంచి ఇంతే మామా” అన్నాడు. గవర్నర్ అని ఒకటుందని వాడికి తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.

పెర్ఫార్మెన్స్ మరీ తప్పని కాదు. పని గబగబా ముగించి సీ-స్టేట్‌లో నిద్రపోతే కరెంటు మిగులుతుందనే వాదం ఉంది, కొన్ని పనులకి నిజం కూడా. కానీ వేగం పెరిగితే వోల్టేజీ పెరగాలి, ఖర్చేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పోతుంది. పాట, బ్రౌజరు, టైపింగ్ అన్నీ నడుస్తుంటే పాపం అది నిద్రపోయేదెప్పుడు?

పేర్లూ నమ్మలేం. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉంటే ‘పవర్‌సేవ్’ కింది వేగంలోనే కూర్చోదు, పనిని బట్టి పైకి పోతుంది.

ముగ్గురివీ షెడ్‌యుటిల్‌కి మార్చా. ఈసారి అడిగి మార్చా.

ఇంటి దగ్గర రీవైండింగ్‌తో పాటు కొత్త ప్యానెల్ వేయించినారు. నీళ్లు లేక మోటరు లాగే కరెంటు తగ్గితే అదే ఆపేస్తుంది. అయినా నాయన రాత్రి ఒకసారి లేచి చేలోకి పోయొస్తాడు.