జర్మనీలో ఉండి కారు కొనలేదా?

ఊరి నుంచి బాపు ఫోన్ చేస్తే చివరికి వచ్చే మాట ఇదే. "గంత దూరం పొయ్యి కారు సుత కొనలేదారా?" దుబాయిలో ఉన్నప్పుడు ఆయన అట్లా అడగలేదు. సోనాపూర్ క్యాంపులో ఉండేవాడికి కారెక్కడిదని ఆయనకూ తెలుసు. అక్కడ ఆరేళ్ళు టైమ్‌కీపర్‌గా చేశాను. పొద్దున చీకట్లో కంపెనీ బస్సు, రాత్రి చీకట్లో మళ్ళీ అదే బస్సు. కిటికీలోంచి కార్లు చూస్తూ, భార్యాపిల్లలతో కలిసి ఉండే రోజు వస్తే నాకూ ఒకటి ఉంటుందనుకునేవాణ్ని.

ఆ రోజు వచ్చింది, కారు రాలేదు. నా భార్య నర్సు. జర్మన్ భాష నేర్చుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. ఆమె వెనక నేను, పాప వచ్చాం. ఇంటర్ చదువుకు ఇక్కడెవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో ఆఫీసులో కాగితాలు చూసే పని దొరకడం నా అదృష్టం.

మన ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టాక 6 నెలలే చెల్లుతుంది. తర్వాత రాత పరీక్ష, బండి పరీక్ష మళ్ళీ ఇవ్వాలి. ఆ ఫీజులు, ఇన్సూరెన్సు, పార్కింగు లెక్కేస్తే చెల్లెలి పెళ్ళి అప్పు కళ్ళముందు నిలబడింది. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, లోకల్ రైళ్ళు ఎక్కనిచ్చే నెల పాసు ఉంది. 2023 మేలో 49 యూరోలకు మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. ఇద్దరికీ రెండు పాసులు. ఆరేళ్ళ లోపు పాపకు టికెట్ లేదు.

మేముండేది గ్రీస్‌హైమ్‌లో. పొద్దున పాపను బాలవాడిలో దింపి 11వ నంబరు ట్రామెక్కి పెద్ద స్టేషన్‌కు పోతాను, అక్కడ ఎయిర్‌పోర్టు రైలు మారతాను. శనివారం అదే స్టేషన్ పక్క వీధుల్లో మన సరుకులు కొంటాం. చక్రాల సంచిలో పది కిలోల బియ్యం, పైన కందిపప్పు, ఇంకో చేత్తో పాప బండి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కనుక చింతపండు మరిచిపోతే సోమవారం దాకా చారు లేదు!

ఇవన్నీ అలవాటయ్యాయి. అలవాటు కానిది ఒక్క రాత్రి.

పోయిన చలికాలం, మంగళవారం. ఆమె నైట్ డ్యూటీలో ఉంది. రెండు గంటలప్పుడు పాప ఒళ్ళు కాలిపోతోంది, థర్మామీటరు 40 డిగ్రీలు చూపింది. ట్రాములు ఆగిపోయాయి. రాత్రిపూట డాక్టరు కోసం చేసే 116117కు ఫోన్ చేశాను. నా జర్మన్ వాళ్ళకు సగమే అర్థమైంది. ఆమెకు చేస్తే, "బస్సు కోసం చూడకుండ్రి, టాక్సీ పిలువుండ్రి" అంది. టాక్సీ వచ్చేదాకా పాపను నా కోటులో చుట్టుకుని వీధిలో నిలబడ్డాను. నా కళ్ళముందే వరసగా కార్లు, మంచు కప్పుకుని, అన్నీ ఎవరివో. బాపు మాట అప్పుడు గుచ్చుకుంది.

వైరల్ జ్వరమే, తెల్లారేసరికి దిగింది. వారమంతా నేను పాత కార్ల ధరలు చూశాను. ఆమె ఒకరోజు పక్కన కూర్చుని, "ఆ రాత్రి టాక్సీకెంతయింది?" అని అడిగింది. చెప్పాను. మాట్లాడకుండా లేచి, యాభై యూరోల నోటు తెచ్చి చక్కెర డబ్బా కింద పెట్టింది. టాక్సీకి తప్ప దాన్ని ముట్టుకోవద్దంది.

ఇప్పటికి రెండుసార్లు తీశాం, మళ్ళీ పెట్టాం. బాపుకు ఆ నోటు సంగతి ఇంకా చెప్పలేదు.