మా చర్చిలో నాలుగు సెకన్లు

కిందటి డిసెంబరులో హాస్టలు గదిలో నలుగురం ఒకే సెల్‌ఫోను ముందు తలలు ఆనించుకుని ఒక క్రిస్మస్ కచేరీ చూశాం. యూరప్‌లో కొత్తగా కట్టిన పెద్ద హాలు. స్టేజీ నిండా ఫిడేళ్ళు, బాకాలు, వెనకాల వరసలు కట్టి నిలబడ్డ గాయకులు. బాఖ్ 1734లో క్రిస్మస్ కోసం కూర్చిన ఒరటోరియో అది. తీరా మొదలెడితే ముందు మోగింది ఫిడేలు కాదు, నగారాలు. “అరె, మన డప్పులెక్కనే ఎత్తుకున్నాడే!” అన్నాడు మా ఖమ్మం మిత్రుడు. ఇంకొకడికి వేరే సందేహం వచ్చింది: “అంతమంది జనానికి వినపడాలంటే బాక్సులుండాలి గదా, ఎక్కడున్నయ్‌రా?”

లేవు. ఆ మాటే నన్ను పట్టుకుంది. హాంబర్గులో 2017లో తెరిచిన ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ హాల్లో 2,100 మంది కూర్చుంటారు. శబ్దాన్ని నలువైపులా చెదరగొట్టడానికి గోడలకీ కప్పుకీ దాదాపు 10,000 జిప్సం పలకలు బిగించారు, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. వాద్యాలతో పాటు హాలు కూడా వాయిస్తుందన్నమాట. మా ఊళ్ళో క్రిస్మస్‌కి ఇరవై గొంతులకి ఎనిమిది బాక్సులు పెడతారు. అయినా ఒక్క మాట అర్థమై చావదు.

మాది నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ, హైవే దిగి లోపలికి పోవలసిన ఊరు. 2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో వేశారు గానీ మా తాతకి మాత్రం మాది ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. నాలుగెకరాల్లో పత్తీ, మిరపా. పగలు పొలం, పొద్దుగూకితే హార్మోనియం, అదీ ఆయన జీవితం. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో మన రాగాల్లోనే, మన తాళాల్లోనే కట్టిన కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతాడు. నాలుగేళ్ళ కిందట పాత పెంకుల చర్చి తీసేసి శ్లాబు వేశాక పాడటం తగ్గించేశాడు. అడిగితే, “గోడలు నా మాట నాకే తిప్పికొడుతున్నయ్‌రా. ముసలోడికి నోరు తిరగట్లేదనుకుంటున్నారు” అన్నాడు. ఊరంతా నిజంగానే అలా అనుకుంటోంది. నా బాధ అదీ.

మా ఫిజిక్సు పుస్తకంలో సబైన్ సూత్రం ఒకటుంది. పరీక్షకి బట్టీపట్టి వదిలేసే రకం. దాని వెనక కథ మాత్రం బాగుంటుంది. 1895లో అమెరికాలో హార్వర్డు వారి కొత్త లెక్చరు హాల్లో ఏం చెప్పినా కలగాపులగంగా వినపడుతుంటే, వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుణ్ణి దాని సంగతి చూడమన్నారు. ఆయన రాత్రిపూట పక్క థియేటరు కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, హాల్లో పరిచి, ఆర్గాన్ గొట్టం మోగించి, మోత ఎన్ని సెకన్లకి అణిగిపోతుందో స్టాప్‌వాచీతో లెక్కగట్టాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ ఎక్కడివక్కడ! తేలిందేమిటంటే, హాలు పెద్దదైనకొద్దీ మోత ఎక్కువసేపు నిలుస్తుంది, మెత్తని వస్తువులు పెరిగినకొద్దీ తగ్గుతుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్క చూసి కట్టిందే. ఆర్కెస్ట్రాకి రెండు సెకన్ల మోత ఇంపు. మాట తెలియాలంటే సుమారు ఒకటి చాలు.

సెలవులకి వెళ్ళినప్పుడు అలంకరణకి తెచ్చిన బుడగల్లో ఒకటి ఖాళీ చర్చిలో పగలగొట్టి ఫోనులో రికార్డు చేశాను. నాలుగు సెకన్లు! కింద నాపరాళ్ళు, చుట్టూ సిమెంటు, పైన శ్లాబు, మెత్తనిది ఒక్కటీ లేదు. ఆదివారం ముప్ఫయి మంది వచ్చారు. రెండు సెకన్లు. బాఖ్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది, మా తాతకి సరిపోదు. చరణంలో మాట మీద మాట పడిపోతుంది. బాక్సులు పెంచితే గోల పెరుగుతుందే గానీ ఆ సెకన్లు తగ్గవు. సబైన్ లెక్కలో మనిషి కూడా ఒక మెత్తే, సుమారు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. మా ఊరి కుర్రాళ్ళు ఎనభై మంది దాకా పనులకని హైదరాబాదులోనే ఉంటున్నారు. తాతని కలవరపెట్టిన మోతలో వాళ్ళు లేని వాటా ఎంతో అప్పుడు తెలిసింది.

పెద్దల దగ్గరికెళ్ళి, బాక్సులు రెండు చాలు, వెనక గోడకి బొంతలు కడదాం అన్నాను. “చర్చిలో బొంతలేందిరా, బాలింత ఇల్లా?” అన్నాడొకాయన. “ఈ రాత్రికి బాలింత ఇల్లే గదా మావయ్యా” అంది మా అమ్మ. అందరూ నవ్వేశారు. సాయంత్రానికి పదకొండు బొంతలొచ్చాయి. పాత చీరలతో కుట్టినవేమో, నక్షత్రాలు తగిలించకపోయినా బాగానే ఉన్నాయి.

24 రాత్రి హైదరాబాదు బస్సులు దిగి కుర్రాళ్ళంతా వచ్చారు. కాలు పెట్టే సందు లేదు. పాటలకి ముందు ఇంకో బుడగ పగలగొట్టాను, పిల్లలు చప్పట్లు కొట్టారని మళ్ళీ ఇంకోటి. ఒక సెకను. ఇందులో బొంతల కంటే జనం వాటాయే ఎక్కువని లెక్క చెబుతోంది. అమ్మకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

తాత హార్మోనియం తెరిచాడు. పల్లవి ఒక్కడే పాడాడు. రెండో చరణం ఎత్తుకునేసరికి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళు మాట పోకుండా అందుకున్నారు. ఆయన మెట్ల మీంచి చేయి తీయకుండానే, ఎదురుగా ఉన్న మైకుని పక్కకి జరపమని నాకు గడ్డంతో సైగ చేశాడు.