వానమీద కేసు పెట్టొచ్చా?

2020 అక్టోబరు 13 రాత్రి. రాంనగర్‌లో మాది కింది వాటా. పదింటికి గుమ్మం దాటిన నీళ్లు పన్నెండయ్యేసరికి మంచం పట్టెను తాకాయి. బీరువా కింది అరలో అమ్మ పెళ్లి చీర, నా జర్నలిజం డిప్లొమా పట్టా... రెండూ మురుగులో నానిపోయాయి. తెల్లారాక బకెట్లతో నీళ్లు తోడిపోస్తుంటే, నాన్న నడుం పట్టుకుని నిలబడి అడిగారు.

"ఏమ్మా, పేపర్లో పనిచేస్తావుగా... దీనికి ఎవరిమీద కేసు పెట్టాలో చెప్పు. వానమీదా?"

అంత బాధలోనూ అందరం నవ్వాం. నీళ్లయితే పోయాయిగానీ, ఆ ప్రశ్న నాలోంచి పోలేదు.

అప్పుడు బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. నాలాలు ఇరుకైపోయిన మాట నిజమే. దానికి తోడు ఆకాశమూ మారుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. కురిస్తే కుండపోతే! అయితే 'ఈ వాన ఫలానావాళ్ల పొగవల్లే పడింది' అని ఏ శాస్త్రవేత్తా వేలెత్తి చూపడు. 'ఇలాంటి వానలు పెరిగే అవకాశం ఎక్కువ' అంటాడు. కోర్టేమో రుజువు అడుగుతుంది. మరి మధ్యలో మునిగినవాడి గతేంటి?

ఓ ఆదివారం పాత తీర్పు ప్రింటు పట్టుకుని చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లా. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. వాళ్ల మధ్య కూర్చుని చదివితే తెలిసింది... ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం మన ఊరి కేసులోనే జరిగిందని!

1908 మూసీ వరద తర్వాత కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆ నీళ్లు చెడిపోకూడదని 1996లో జీవో 111 వచ్చింది. వాటికి 10 కిలోమీటర్లలోపు కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదు. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఓ కంపెనీ ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతానంది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. కంపెనీ అప్పీలుకెళ్లింది. ఆధునిక పద్ధతులున్నాయి, ప్రమాదం లేదంటూ ఓ శాస్త్రవేత్త అఫిడవిట్ ఇచ్చారు. అప్పీలు నెగ్గింది. ఓ పర్యావరణ సంస్థ హైకోర్టుకెళితే అక్కడా చుక్కెదురైంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

1999 జనవరి 27న తీర్పు. రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఎం.జగన్నాథరావు. సైన్సు అన్నిసార్లూ ఖాయంగా చెప్పలేదన్న సంగతిని ఆయన దాచలేదు. ఖాయంగా తెలియనప్పుడు ముందుజాగ్రత్తే మేలన్నారు. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, జరగదని ఫ్యాక్టరీ పెట్టేవాళ్లే రుజువు చేయాలి! తర్వాత ఎన్‌జీఆర్‌ఐ వంటి సంస్థల నివేదికలు తెప్పించుకుని, 2000 డిసెంబరు 1న మినహాయింపు కుదరదని తేల్చేశారు. హత్యకేసులో అనుమానం ముద్దాయికి లాభం. నీటి కేసులో మాత్రం అది నీటికే దక్కిందన్నమాట!

వాతావరణ మార్పు కేసుల్లోనూ తగువంతా ఈ అనుమానం చుట్టూనే. 2017లో ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ల రిధిమా పాండే హరిత ట్రైబ్యునల్‌కెక్కితే 2019లో కొట్టేశారు. 2024లో మాత్రం బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కేనని సుప్రీంకోర్టు అంది. పసిఫిక్ దీవుల్లో 27 మంది లా విద్యార్థులు 2019లో మొదలెట్టిన ఉద్యమం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల బాధ్యతేనని అది 2025 జులైలో అభిప్రాయం చెప్పింది. వాళ్లూ చిక్కడపల్లిలో నా పక్కన కూర్చున్న పిల్లల్లాంటివాళ్లే!

అలాగని తీర్పుతో అంతా అయిపోదు. జీవో 111 ఆంక్షల్ని సడలిస్తూ 2022లో జీవో 69 వచ్చింది. సైన్సు అంచనా చెబుతుంది, చట్టం దారి చూపుతుంది. కానీ ఎవరో ఒకరు పనిగట్టుకుని కోర్టు మెట్లెక్కాలి, గెలిచాకా కాపలా ఉండాలి.

ఇదంతా నాన్నకు చెప్పా. శ్రద్ధగా విన్నారు. ఆ వరద వెళ్లిన మర్నాడే ఆయన బీరువా కింద నాలుగు వరసల ఇటుకలు పేర్చారు. ఇప్పటికీ తీయనివ్వరు.

"మళ్లీ నీళ్లొస్తాయని రుజువుందా నాన్నా?" అన్నా, ఆటపట్టిద్దామని.

"రుజువయ్యేదాకా ఆగితే మీ అమ్మ చీర మళ్లీ తడుస్తుందమ్మా" అన్నారు.