మస్కట్ దాటాక మడుగులు

మస్కట్ నుంచి సూర్ వెళ్లే దారిలో ఎటు చూసినా బోడి కొండలే. ఈ రాళ్లలో ఈతేమిటని ఎవరికైనా అనుమానమే, బిమ్మా గుంట చూసేదాకా. చుక్క రాలి పడిందని అక్కడివాళ్ల కథ. నిజానికి సున్నపురాయి కరిగి కుంగిన గొయ్యి. ఆ పచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టగానే చిట్టి చేపలొచ్చి మడమలు కొరికాయి.

వాదీ షాబ్ లోయలో పడవ దిగి, ఫలజ్ కాలువ పక్కగా ఖర్జూర చెట్ల కింద నడక. చివరి మడుగులో తల మాత్రమే పట్టే రాతి సందులోంచి ఈదితే లోపల గుహ, అందులో జలపాతం!

ఫిన్స్ తీరం చేరేసరికి నా పని అయిపోయింది, మా గైడు మాత్రం హుషారే. అయినా సముద్రం మనకు కొత్తా? వాదీకే ఎక్కువసేపు కావాలని గైడును ముందే అడగండి. మబ్బు పట్టిందా, ఆ లోయలోకి దిగొద్దు. వరద చెప్పి రాదు.