అతిథి చేతిలోని తాళంచెవి

తిథి నియమం లేక వచ్చి, నిలువక వెళ్లేవాడు అతిథి. మాతాపితృగురువుల తరువాత అతనినే దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఉపదేశిస్తున్నది. అతిథిని ఆదరించడం గృహస్థులందరికీ తెలిసిన ధర్మమే. అతిథిగా జీవించడం ఎట్లాగో విచారించేవారు అరుదు.

చిక్కడపల్లిలోని స్వగృహాన్ని విక్రయించడానికి కాకినాడ నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బషీర్‌బాగ్‌లోని ఒక పెద్ద హోటల్‌లో మూడు రాత్రులు బస చేశాడు. ఏర్పాటు కుమారునిది. విశాలమైన చలువరాతి ప్రాంగణం, ఈతకొలను, పిలిస్తే గదికే వచ్చే కాఫీ, ప్రతిదినం మార్చే దుప్పట్లు ఆయనకు సుఖాన్నిచ్చాయి. కుళాయి కారుతుంటే కబురు చేసి హాయిగా నిద్రించాడు. స్వగృహంలోనైతే గోడకు పట్టిన చెమ్మ మచ్చ ఒకటి పదేళ్లు ఆయన నిద్రను హరించింది.

ధర్మపత్ని తుదిశ్వాస విడిచినది ఆ ఇంట్లోనే. అందుచేత రిజిస్ట్రేషన్ తేదీని ఆయన అప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు.

మూడవనాటి ప్రాతఃకాలంలో బిర్లా మందిరానికి వెళ్లాడు. 1976లో వెలసిన ఆ ఆలయంలో ధ్యానానికి భంగం కలుగరాదని గంటలు పెట్టలేదు. ఆ మౌనంలో కొంతసేపు కూర్చుని దిగివస్తుండగా హిల్ ఫోర్ట్ భవనం గుర్తుకు వచ్చి అటు నడిచాడు. 1915లో నిజామత్ జంగ్ తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల పోలికలో దానిని నిర్మించుకున్నాడు. అనంతరం అది నిజాం కుమారుడు మొజ్జం జా నివాసమైంది. 1955లో రిట్జ్ హోటల్‌గా మారింది. కాలక్రమంలో ఆ హోటలూ మూతపడింది. నాదని కట్టుకున్నవాడు శయనించిన చోటనే, రోజుకింతని చెల్లించినవారూ శయనించారు. గోడలకు ఆ భేదం తెలియదు.

గృహప్రవేశంనాటి హోమంలో ప్రతి ఆహుతికీ పురోహితుడు తనచేత 'న మమ' అనిపించిన సంగతి ఆయనకు స్మరణకు వచ్చింది. ఆనాడు అగ్నికి నేతిని ఇచ్చి, ఇంటిని తనకే ఉంచుకున్నాడు.

మధ్యాహ్నం హోటల్ గది తాళాన్ని నిశ్చింతగా అప్పగించాడు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో మాత్రం చేయి వణికింది, కళ్లు చెమర్చాయి. అయినా సంతకం చేశాడు. తాళంచెవిని కొన్న యువకుని చేతిలో ఉంచుతూ మెల్లగా అన్నాడు: “బాబూ, ఉత్తరపు గోడకు వానాకాలంలో చెమ్మ దిగుతుంది. కాస్త చూసుకో నాయనా.”